మంత్రివర్గం జుట్టు పెంచిన వైనం

జబ్బు పోయేదాకా తన తలను కత్తెర తాకదనీ, రంగు అంటదనీ మా మంత్రిగారు టీవీలో ప్రతిజ్ఞ చేసిన రోజు నేను ఆ గదిలోనే ఉన్నాను. ఆయన వెనక కర్టెన్ కదలకుండా పట్టుకుని నిలబడ్డది నేనే. కాబట్టి ఇది ఎవరో చెప్పగా విని రాస్తున్న సంగతి కాదు.

"సోదర సోదరీమణులారా! రేపటి నుంచి కటింగ్ షాపులన్నీ మూసివేస్తున్నాం. మీ బాధ నాకు తెలుసు. మీ జుట్టు పెరిగితే నా జుట్టూ పెరుగుతుంది. మీ జుట్టు నెరిస్తే నా జుట్టూ నెరుస్తుంది. చివరి రోగి ఇంటికి చేరేదాకా నా తలను కత్తెర తాకదు, రంగు అంటదు. ఇది నా ప్రతిజ్ఞ!"

చాలా గొప్పగా చదివారు. గొంతు రెండుచోట్ల వణికింది. కెమెరా ఆపాక కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఇప్పుడు నేనేం చదివాను?" అని పీఏని అడిగారు.

మంత్రిగారికి ఒక పద్ధతి ఉంది. ఏ కాగితాన్నీ చదవడానికి ముందు చదవరు. ముందే చదివేస్తే అసలు చదివేటప్పుడు భావం పలకదంటారు. ఇన్నేళ్లలో దానివల్ల ఏ ఇబ్బందీ రాలేదు. రాసి ఇచ్చే పీఏ పాతవాడు, ఇంటి గుట్టు తెలిసినవాడు. అతను సెలవు మీద సొంతూరు వెళ్లి లాక్‌డౌన్‌లో అక్కడే ఇరుక్కుపోయాడు. ఇప్పుడున్నవాడు కొత్తవాడు, చురుకైనవాడు. చేరి నాలుగు రోజులైంది. ఆ నాలుగు రోజుల్లో ఇంట్లో అన్నీ చూపించారు గానీ ఒక్కటి చూపించలేదు.

తను రాసింది మళ్లీ మొదటినుంచీ చదివి వినిపించాడు పీఏ. మంత్రిగారు కళ్లు మూసుకుని విన్నారు. తరవాత చెయ్యి పైకెత్తి, తలమీది జుట్టును ఊడదీసి, బల్లమీద పెట్టారు.

"పెంచు," అన్నారు.

నేను ఆ ఇంట్లో బట్టలు చూసుకునే మనిషిని. మా ఆయన చనిపోయిన ఏడాది చేరాను, పదకొండేళ్లయింది. ఉతకడం, ఆరేయడం, ఇస్త్రీ, విగ్గు. విగ్గును వారానికోసారి గోరువెచ్చటి నీళ్లలో ముంచి, షాంపూ పట్టించి, పిండకుండా తువ్వాలుతో అద్ది, పెరట్లో తీగమీద నీడపట్టున ఆరేస్తాను. అంత ఒత్తైన జుట్టు మంత్రివర్గంలోనే లేదని పేపర్లవాళ్లు రాస్తే, ఆ మెప్పులో నా వాటా ఎంతో నాకు తెలుసు.

వీధి చివర కటింగ్ షాపు మా తమ్ముడిది. వాణ్ణి అందరూ కత్తెర అంటారు. పదకొండేళ్లుగా ప్రతి ఆదివారం పొద్దున్నే వాడు సంచీ పట్టుకుని మంత్రిగారి ముందు గేటులోంచి వచ్చేవాడు. వరండాలో అరగంట కూర్చుని, టీ తాగి, మళ్లీ అదే గేటులోంచి వెళ్లిపోయేవాడు. వాడక్కడ కత్తిరించేదేమీ లేదు. వీధికి కనబడితే చాలు. అంత నిజాయితీగా కనబడేవాణ్ణి నేనింకొకణ్ణి చూడలేదు.

రెండు వారాలు గడిచాయి. సెక్యూరిటీవాళ్ల మీసాలు పెదాలు దాటాయి. టీవీలో వార్తలు చదివే అమ్మాయి పాపిట తెల్లగా బయటపడింది. రంగు పెట్టెలు దొరక్క మా మంత్రిగారి భార్య ఫోన్‌లో అక్కచెల్లెళ్లకు కూడా ముఖం చూపించడం మానేశారు. మంత్రిగారి జుట్టు మాత్రం చెవికి అరంగుళం పైన నల్లగా నిగనిగలాడుతూ, పెట్టినచోట పెట్టినట్టే ఉంది.

ఆ ఆదివారం ప్రజలతో ఫోన్‌లో మాట్లాడే కార్యక్రమంలో ఒక ముసలమ్మ లైన్లోకి వచ్చింది.

"బాబూ, నీ జుట్టేమిటి పెరగలేదు?"

"రాత్రీ పగలూ పనేనమ్మా. జుట్టు సంగతి చూసుకోవడమే కుదరలేదు," అన్నారు మంత్రిగారు.

"పని చేస్తే పెరగదా నాయనా? అదీ సంగతి! మా ఇంట్లో ఒకాయన ఉన్నాడు, పనీపాటా లేక పొదలా పెంచాడు. ఇప్పుడే చెప్తానుండు."

మర్నాడు ప్రతిపక్షంవాళ్లు ఊరుకోలేదు. మంత్రిగారు దొంగచాటుగా కటింగ్ చేయించుకుంటున్నారనీ, రంగు వేయించుకుంటున్నారనీ అరిచారు. సాయంత్రానికి పోలీసులు మా తమ్ముడి షాపుకి వచ్చారు. షాపు అప్పటికే మూసి ఉంది. అయినా వాడి తాళం మీద ఇంకో తాళం వేసి, లక్క సీలు కొట్టారు.

"నేనేం చేశాన్సార్?"

"మంత్రిగారికి కటింగ్ చేశావు."

"చెయ్యలేద్సార్!"

"మరి ఆయన జుట్టెందుకు పెరగలేదు?"

దానికి జవాబు మా తమ్ముడికి తెలుసు. చెప్పలేదు. ఈ వృత్తిలో నోరు కూడా పనిముట్టేనంటాడు వాడు, ఎప్పుడు మూయాలో తెలిసుండాలంటాడు.

మర్నాడు మధ్యాహ్నం పీఏ వాణ్ణి పెరటి గుమ్మంలోంచి ఇస్త్రీ గదిలోకి తీసుకొచ్చాడు. బల్లమీద ఇస్త్రీపెట్టె పక్కన విగ్గు. దాని ఎదురుగా కుర్చీలో, తలకు తువ్వాలు చుట్టుకుని మంత్రిగారు.

"పెంచగలవా కత్తెరా?"

"మనిషి తలైతే నేనేం చెయ్యక్కర్లేద్సార్, అదే పెరుగుతుంది. దీనికైతే నేను కష్టపడాలి."

"వారానికెంత పెంచుతావు?"

"మామూలు మనిషికి పెరిగినంతే పెంచాలి సార్. ఎక్కువ పెంచితే అనుమానం వస్తుంది."

"అభివృద్ధి కొంచెం వేగంగా కనబడితే బాగుంటుంది గదా," అన్నాడు పీఏ.

వాడు పీఏ వైపు చూసి, "ఇది రోడ్డు కాద్సార్, జుట్టు," అన్నాడు.

విగ్గు అడుగున సన్నటి వల ఉంటుంది. కొక్కెం సూదితో ఒక్కో వెంట్రుకా ఆ వలకు ముడెయ్యాలి. అందుకు పొడుగాటి వెంట్రుకలు కావాలి. షాపులన్నీ మూసి ఉంటే ఎక్కడినుంచి తేవడం? పీఏ వెంటనే సెక్యూరిటీవాళ్లనూ డ్రైవర్లనూ పెరట్లో దూరం దూరంగా వరస నిలబెట్టాడు. ఆ విధంగా, మంత్రిగారు కటింగ్ చేయించుకోలేదని రుజువు చేయడం కోసం ఆ ఇంట్లో ఆరుగురికి కటింగ్ జరిగింది.

"నల్లవి సరే, తెల్లవో?" అన్నారు మంత్రిగారు.

ముగ్గురూ నావైపు చూశారు. నేను కొప్పు విప్పాను.

ఆ వచ్చే ఆదివారం టీవీలో మంత్రిగారి చెవులమీద జుట్టు వాలింది. కణతల దగ్గర నాలుగు తెల్ల వెంట్రుకలు లైట్ల వెలుగులో మెరిశాయి. మర్నాడు పేపర్లో ఆ కణతలను పెద్దవి చేసి వేసి, కింద 'ప్రజల కోసం నెరుస్తున్న నాయకుడు' అని రాశారు. ఆ ముసలమ్మ మళ్లీ ఫోన్ చేసింది. "ఇప్పుడు బాగుంది బాబూ, మనిషిలా కనబడుతున్నావు," అంది. మంత్రిగారు నిజంగానే కళ్లు తుడుచుకున్నారు. నాకూ గర్వంగానే అనిపించింది. నా తలను అంతమంది ఎప్పుడు చూశారు గనక!

మా తమ్ముడు అదే అదను అనుకుని అడిగాడు. "సార్, నా షాపు..."

"సీలు రేపే తీయించేస్తాను."

మాట ప్రకారం తీయించారు. మా తమ్ముడి తాళం మాత్రం మిగిలింది. అది తీయాలంటే ఉత్తర్వు ఎత్తెయ్యాలి.

"షాపులు తెరిపిస్తే నా జుట్టెందుకు పెరిగినట్టు?" అన్నారు మంత్రిగారు, ఎంతో ఓపిగ్గా. "నువ్వే ఆలోచించు. ఇప్పుడు నువ్వు షాపు తెరిస్తే నీ కష్టమంతా వృథా కాదూ?"

వాడు ఆలోచించాడు. ఎంత ఆలోచించినా మంత్రిగారిదే న్యాయంగా కనబడిందట. ఇంటికెళ్లి అన్నం తినలేదు.

సర్వే చేయించారు. జుట్టు అంగుళం పెరిగేసరికి మంత్రిగారి పలుకుబడి రెండింతలైందని తేలింది. దాంతో మిగతా మంత్రులు కూడా ఒకరి తరవాత ఒకరు టీవీలోకి వచ్చి ప్రతిజ్ఞ చేశారు. ప్రతిజ్ఞ చేసిన మూడో రోజో నాలుగో రోజో వాళ్ల పీఏ ఒక అట్టపెట్టె చంకలో పెట్టుకుని మా పెరటి గుమ్మం దగ్గరికి వచ్చేవాడు.

"మా సార్‌ది కూడా కాస్త... పెంచాలట."

అలా మా మంత్రిగారిదీ కలుపుకుని పదకొండుమంది మంత్రుల్లో తొమ్మిదిమంది పెట్టెలు పోగయ్యాయి. మిగతా ఇద్దరిదీ సొంత జుట్టట. పార్టీలో వాళ్లకు మొదటినుంచీ ఎదుగుదల లేదు.

ఏ పెట్టె ఏ శాఖదో కలిసిపోకుండా పైన పేర్లు రాసే పని నాకిచ్చారు. ప్రతి శనివారం మా తమ్ముడు తొమ్మిదింటికీ ముడులేసి పెంచేవాడు, నేను ఉతికి ఆరేసేదాన్ని. మధ్యాహ్నం పూట మా పెరటి తీగమీద మంత్రివర్గమంతా క్లిప్పులు పెట్టుకుని వేలాడేది. గాలి వస్తే అందరూ ఒకే వైపు ఊగేవారు. అంత ఐకమత్యం నేను టీవీలో ఎప్పుడూ చూడలేదు.

నాలుగు నెలలకు జబ్బు తగ్గుముఖం పట్టింది. ఒక్కో వ్యాపారమే తెరుచుకుంది. మా తమ్ముడు మాత్రం రోజూ తొమ్మిదింటికి శుభ్రమైన చొక్కా వేసుకుని మూసిన షట్టర్ ముందు నిలబడేవాడు. వచ్చేపోయే ప్రతి తలనూ చూసి నిట్టూర్చేవాడు. ఇంట్లో పాల ప్యాకెట్లు కోసే కత్తెరతో కత్తిరించుకున్నవాళ్లు వాణ్ణి చూసి సిగ్గుపడి పక్కకు తిరిగి వెళ్లేవారు. లోపల తిరిగే కుర్చీ తిరగడం మానేసింది.

"బట్టల షాపు తెరిచారు, చెప్పుల షాపు తెరిచారు," అన్నాడు నాతో. "మనుషులు మెడదాకా కొత్తగా ఉన్నారక్కా. ఇంకో రెండు నెలలు ఇలాగే ఉంటే నా చెయ్యి పని మరిచిపోతుంది. ముడెయ్యడం తప్ప ఏమీ రాకుండా పోతుంది."

"మళ్లీ అడుగు," అన్నాను.

శనివారం మంత్రిగారు పెరట్లోకి వచ్చి, తీగమీద తన జుట్టు ఎంత పెరిగిందో చూసి మురిసిపోతున్నప్పుడు వాడు అడిగాడు.

"సార్, చివరి రోగి ఇవాళ ఇంటికి వెళ్లిపోతున్నాడని పేపర్లో వేశారు."

"ఆయన్ని ఇంకో వారం ఆస్పత్రిలోనే ఉండమన్నాం."

"ఒంట్లో బాగోలేదా సార్?"

"శుభ్రంగా ఉన్నాడు. ఎన్నికలు వచ్చే వేసవిలో. అప్పటిదాకా ఉండగలడో లేదో కనుక్కుంటున్నాం," అని, తన విగ్గును ఒకసారి నిమిరి, మంత్రిగారు నిద్రకు వెళ్లారు.

మర్నాడు పదింటికి మంత్రివర్గ సమావేశం. ఇన్ని నెలల తరవాత మొదటిసారి అందరూ ఒకే గదిలో కూర్చుంటారు, టీవీలన్నీ లైవ్ చూపిస్తాయి. అందుకని ఆ శనివారం తొమ్మిది పెట్టెలకూ ప్రత్యేకంగా అరంగుళం అదనంగా పెంచమని పీఏలు చెప్పి వెళ్లారు.

మా తమ్ముడు తీగ ముందు చాలాసేపు నిలబడ్డాడు. తరవాత సంచీలోంచి నల్లగుడ్డ తీసి దులిపాడు. కొక్కెం సూది లోపల పెట్టేసి కత్తెర తీశాడు.

"అక్కా, ఆ మొదటాయన్ని ఇలా అందుకో," అన్నాడు.

నేను వాణ్ణి వద్దనలేదు. క్లిప్పు తీసి అందించాను.

ఇన్ని నెలల తరవాత వాడి చేతిలో కత్తెర ఆడిన ఆ చప్పుడు నేను చెప్పలేను. పక్కపాపిట, చెవులమీద చక్కటి గీత, మెడ దగ్గర మిషన్. ఒక్కొక్కరికీ పావుగంట. మధ్యలో అలవాటు కొద్దీ, "తల కొంచెం వంచండి సార్," అనేవాడు. తెల్ల వెంట్రుకలన్నీ ఏరి, పొట్లం కట్టి, "నీవి నువ్వు ఉంచుకో," అని నాకిచ్చాడు. పెట్టెల్లో సర్ది, దారం కట్టి, పేర్లు పైకి కనబడేలా పేర్చాను.

ఆదివారం తొమ్మిదిన్నరకు పీఏలు వచ్చి పెట్టెలు పట్టుకుపోయారు. పది కావడానికి పది నిమిషాలుందనగా మా మంత్రిగారు నాకు ఫోన్ చేశారు.

"ఏమిటిది?"

"జుట్టండీ."

"అది నాకూ కనబడుతోంది! ఇంత పొట్టిగా ఉందేమిటి? ఎవరు చేశారీ పని? ఇప్పుడే కేసు పెట్టిస్తాను!"

"పెట్టించండయ్యా. ఎవరి జుట్టు, ఎక్కడుండగా కత్తిరించారని అడుగుతారు గదా, అది కూడా మీరే చెప్పండి."

ఆయన ఫోన్ పెట్టెయ్యకుండానే పక్కవాళ్ల వైపు తిరిగారు. తరవాత, "పీఏని పిలవండి, కాగితం తెమ్మనండి!" అని తొమ్మిది గొంతులు ఒకేసారి అరిచాయి.

సరిగ్గా పదింటికి మంత్రివర్గం టీవీలోకి వచ్చింది. తొమ్మిది తలలు పెళ్లిచూపులకు తయారైనట్టు నల్లగా, నున్నగా ఉన్నాయి. మా మంత్రిగారు లేచి, తడి ఆరని కాగితం అందుకుని, ఎప్పటిలాగే అప్పుడే మొదటిసారి చదివారు.

"సోదర సోదరీమణులారా! చివరి రోగి ఇంటికి చేరాడు. కటింగ్ షాపులన్నీ తెరవమని నిన్న సాయంత్రం నాలుగు గంటలకే ఉత్తర్వు ఇచ్చాం. ప్రజలకు ధైర్యం చెప్పడానికి ముందుగా మేమే వెళ్లి కూర్చున్నాం. మా ప్రతిజ్ఞ నెరవేరింది!"

గొంతు రెండుచోట్ల వణికింది. సొంత జుట్టున్న ఆ ఇద్దరు మంత్రులు మాత్రం భుజాలదాకా పెరిగిన తలలతో అటూ ఇటూ చూశారు. ఉత్తర్వు వచ్చి పద్దెనిమిది గంటలైనా దాన్ని ఎందుకు అమలు చేయలేదో వివరణ ఇవ్వమని ఆ సాయంత్రమే వాళ్లకు నోటీసు వెళ్లింది.

మా తమ్ముడు పదింబావుకు షట్టర్ ఎత్తాడు. కుర్చీకి నూనె పోశాడు. పదకొండుకల్లా వరస మా వీధి దాటి మలుపు తిరిగింది. మొట్టమొదట ఒక పెద్దాయన, తల పొదలా ఉంది. వెనకే ఒక ముసలమ్మ ఆయన చొక్కా పట్టుకుని ఉంది. "పనీపాటా లేని తల ఇదే నాయనా, కానియ్," అంది. ఆ గొంతు నేనెక్కడో విన్నాను.

ఆ వచ్చే ఆదివారం షాపు కిటకిటలాడుతుండగా మా మంత్రిగారి కారు వచ్చి ఆగింది. షాపులు తెరిచాక మంత్రిగారు జనంలో ఒకడిగా షాపుకే వచ్చి కటింగ్ చేయించుకుంటారని ముందురోజు టీవీలో చెప్పారు. అందుకే కెమెరాలు కూడా వచ్చాయి. సెక్యూరిటీవాళ్లు దిగి దారి చేశారు. వెనక సీటు తలుపు తెరిచారు. పీఏ రెండు చేతులతో అట్టపెట్టె పట్టుకుని దిగాడు.

"సార్‌కి అర్జెంట్ మీటింగ్ ఉంది," అన్నాడు. పెట్టెను తిరిగే కుర్చీలో పెట్టి, పక్కన నిలబడ్డాడు.

వరసలో ఉన్నవాళ్లంతా లేచి నిలబడ్డారు. మా తమ్ముడు నల్లగుడ్డ దులిపి పెట్టె చుట్టూ కట్టాడు. కుర్చీ ఒకసారి అద్దం వైపు తిప్పి, "ఎలా కొట్టమంటారు సార్?" అని కాసేపు ఆగాడు.

ఇంతలో వెనకనుంచి ఒకాయన వినయంగా ముందుకు వచ్చాడు. తన వీధిలో కుళాయి రావడం లేదని రాసుకున్న అర్జీని పెట్టె మూత కింద దూర్చి, చేతులు కట్టుకుని, తన గోడు మొత్తం మొదటినుంచీ చెప్పుకున్నాడు.

మంత్రిగారు ఎప్పటిలాగే ఓపిగ్గా విన్నారు.