బేస్తవారం ఏడు సెకన్లు

ఆ ఆదివారం పొద్దున చెంగల్రాయుడు అనుకున్న పనులు మూడే. సంగటి తినడం, చెరకుతోటకు నీళ్ళు మళ్ళించడం, తిరుపతి కాలేజీ నుంచి వచ్చిన కొడుకు జయరామ్‌ను మధ్యాహ్నం బస్సెక్కించడం. పెళ్ళాం అలిగి పుట్టింటికి ప్రయాణం కట్టడం అందులో లేదు. కాణిపాకంలో ప్రమాణం అసలే లేదు.

జయరామ్ ఈ ఏడు కాలేజీలో మనస్తత్వ శాస్త్రమని కొత్తగా ఒకటి చదువుతున్నాడు. మనసుకు కూడా పుస్తకం ఉంటుందని చెంగల్రాయుడు విని ఆశ్చర్యపోయాడు గానీ, ఫీజు కట్టినవాడు ఆశ్చర్యం పైకి చూపితే బాగుండదని ఊరుకున్నాడు.

"నాయనా, ఒక పావుగంట ఈడ కూర్చో," అన్నాడు కొడుకు. "నేనొక మాట అంటా. ఇనంగానే నీ నోటికేమొస్తే అది చెప్పాల. రేపు మా లెక్చరర్‌కు రాసి చూపించాల."

"అంతేనా? దీనికి తిరపతి దాకా పోవాల్నా?" అంటూ చెంగల్రాయుడు అరుగు మీద చతికిలబడ్డాడు. జయరామ్ స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చుకున్న చేతిగడియారం విప్పి ముందు పెట్టుకున్నాడు.

"ఎద్దు."

"కాడి."

"ఏరు."

"ఇసక."

"చెరకు."

"బెల్లం." చెంగల్రాయుడికి హుషారు పుట్టింది. తనను కూడా చిన్నప్పుడు ఇంకో నాలుగు తరగతులు చదివించి ఉంటే ఎక్కడికో పోయేవాడే.

"బేస్తవారం."

చెంగల్రాయుడి నోరు పడిపోయింది.

బేస్తవారం బేస్తవారం ఆయన బెల్లం బండి కట్టుకుని చిత్తూరు మండీకి పోతాడు. అంతవరకు ఊరందరికీ తెలుసు. మండీ అయ్యాక సందు చివరి హోటల్లో, గోడవారగా కూర్చుని రెండు గ్లాసులు కాఫీ తాగుతాడు. అది ఎవరికీ తెలియదు. తెలిస్తే కొంప మునుగుతుంది. ఎందుకంటే కాఫీ రక్తం విరుస్తుందని, సంసారాలు గుల్ల చేస్తుందని మూడేళ్ళ కిందట ఊరంతా తిరిగి చెప్పింది ఆయనే. పెళ్ళాం దేవకమ్మ కళ్ళ ముందే ఇంట్లో కాఫీ చెంబును సుత్తితో అప్పడంలా చదును చేసిందీ ఆయనే. ఆయన మాట మీద నాలుగిళ్ళవాళ్ళు కాఫీ మానేశారు. ఊళ్ళో పెద్దమనిషన్న పేరు ఆ చదునైన చెంబు మీదే నిలబడి ఉంది.

"సంత," అన్నాడు చివరికి.

"ఏడు సెకన్లు," అని జయరామ్ రాసుకున్నాడు.

లోపలి నుంచి దేవకమ్మ తెడ్డుతో సహా వచ్చింది. "ఏడైతే ఏమిరా?"

"రెండు సెకన్లు సాలమ్మా. ఆలస్యమైతే మనసులో ఏందో దాసిపెట్టినట్టంట."

"ఏం దాసిపెట్టినట్టు?"

"అది గడియారానికి తెలీదు."

"నాకు తెలుస్తా ఉండాది," అంది దేవకమ్మ. మొగుడి వైపు తిరిగింది. "ఏమయ్యా, బేస్తవారం పూటే ఉతికిన సొక్కా ఎందుకు? బేస్తవారమే నోటినిండా వక్కాకెందుకు? పెండ్లయి ఇరవై రెండేండ్లు, ఎన్నడూ లేంది బేస్తవారం బేస్తవారం నాకు మల్లెపూలెందుకు?"

మాసిన చొక్కా అయితే హోటలువాడు బయట బల్ల మీద కూర్చోమంటాడు. వక్కాకు కాఫీ వాసన పోవడానికి. మల్లెపూలు తప్పు చేశానన్న బాధకు. మూడు ప్రశ్నలకూ నిజమైన జవాబులున్నాయి, ఒక్కటీ చెప్పే వీలులేదు. చెంగల్రాయుడు గడియారం వైపు చూశాడు. అంత చిన్న వస్తువుకు తన హోటలు సంగతి ఎవరు చెప్పారో ఆయనకు అంతుపట్టలేదు.

"ఇంగోసారి సేస్తామమ్మా, సరిగ్గా వస్తాది," అన్నాడు జయరామ్, నిప్పు ఆర్పుదామని.

ఈసారి ఆలస్యం కాకూడదని చెంగల్రాయుడు పళ్ళు బిగించి 'సంత' అన్న మాటను నాలుక చివర సిద్ధంగా పెట్టుకున్నాడు. జయరామ్ మాటల వరస మార్చాడు.

"పూలు."

"సంత."

"ఇల్లు."

"సంత."

"పెండ్లాం."

"సంత."

తెడ్డు కింద పడింది. "ఇంట్లో నేనుండంగా సంతలో పెండ్లామా?" అంది దేవకమ్మ. లోపలికి పోయి చీరలు మూటగట్టడం మొదలుపెట్టింది. ఇరవై రెండేళ్ళలో ఆమె లేకుండా ఆ ఇంట్లో ఒక్క పొద్దు తెల్లవారలేదు. చెంగల్రాయుడు పోయి గడపకు అడ్డంగా కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడే దేవకమ్మ అన్న మునెయ్య చెరకు విత్తనం కోసమని పక్కూరి నుంచి వచ్చాడు. అంతా విన్నాడు. "దీనికింత రాద్ధాంతమెందుకు బావా? కాణిపాకం కూతవేటు దూరం. వినాయకుడి ముందర ఒక్క మాట సెప్పేస్తే సరిపాయ."

"సెప్తా," అన్నాడు చెంగల్రాయుడు ప్రాణం లేచివచ్చి. "నాకు ఇంగో సంసారం లేదని ప్రమాణం సేస్తా."

"అట్ల కాదు. బేస్తవారం ఇంట్లో తెలీకుండా ఏ పనీ సెయ్యలేదు అని సెప్పు. అన్నీ అందులోకే వస్తాయి."

వచ్చిన ప్రాణం మళ్ళీ పోయింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కోర్టులో అబద్ధం చెప్పిన వాళ్ళను ఆయన చూశాడు గానీ, కాణిపాకంలో చెప్పిన వాణ్ణి చూడలేదు. నిజం చెబితే పెద్దరికం పోతుంది. నోరు మూసుకుంటే దేవకమ్మ పోతుంది. నలుగురూ బండెక్కి కాణిపాకం బయలుదేరారు. దారి పొడుగునా ఆయన లెక్కచూసుకున్నాడు. పెద్దరికం లేకుండా బతకొచ్చని ఏరు దాటేసరికి తేలింది గానీ, ధైర్యం ఇంకా బండి వెనకాలే నడిచి వస్తూ ఉంది.

తలస్నానమై, తడిబట్టలతో దేవుడి ముందు నిలబడ్డాక కాస్త ఊపిరి తీసుకుందామని, "అడిగినోళ్ళే ముందు సెప్పాల," అన్నాడు. "బేస్తవారం నేను లేనప్పుడు ఇంట్లో నువ్వేం సేస్తావో, నాకు తెలీకుండా ఏమీ సెయ్యలేదని నువ్వు సెప్పు మే. తర్వాత నేను సెప్తా."

దేవకమ్మ చేతులు జోడించింది. నోరు తెరిచింది. మాట రాలేదు. జయరామ్ కళ్ళు అలవాటు కొద్దీ గడియారం మీదికి పోయాయి. మునెయ్య మెల్లగా చెప్పుల వైపు నడవసాగాడు.

"పదకొండు," అన్నాడు జయరామ్.

"కాఫీ," అంది దేవకమ్మ కళ్ళ నీళ్ళతో. "మాయన్న పొడి తెచ్చిస్తాడు. నీ బండి మలుపు తిరగంగానే పొయ్యి మీద పెడతా. ఆ నాలుగిండ్లోళ్ళూ మనింటికే వస్తారు."

చెంగల్రాయుడు తడి కండువా పిండుకున్నాడు. మూడేళ్ళుగా తన పెద్దరికం తన వంటింట్లోనే కాగుతూ ఉందన్నమాట. కోపం రావాలి. ఎంత వెతికినా రాలేదు.

"నేను రెండు గ్లాసులు తాగుతాను మే, చిత్తూరు హోటల్లో," అన్నాడు. "నీళ్ళ మాదిరి ఉంటాది."

దేవకమ్మ కళ్ళు తుడుచుకుని ఆయన్ను పైనించి కిందికి చూసింది. "అయితే ఆ మల్లెపూలు?"

"తప్పు సేసినాననే తెచ్చినా. ఇంగమీద ఊరికే తెస్తాలే."

మరుసటి బేస్తవారం జయరామ్ నుంచి కార్డు వచ్చింది. భార్యాభర్తలిద్దరి ఆలస్యానికీ కారణం ఒకటేనంటే నమ్మశక్యంగా లేదని, ఇంకో మనిషి మీద మళ్ళీ చేసుకురమ్మని లెక్చరర్ ఎర్రసిరాతో రాశాడట. మండీ నుంచి వచ్చిన చెంగల్రాయుడు దేవకమ్మ ఇచ్చిన కాఫీ గ్లాసు పక్కన పెట్టి, జవాబు కార్డులో ఒక్క వాక్యం రాశాడు: "ఈసారి మీ మామను కూర్చోబెట్టు."