మాయమైన తీపి గోధుమ

ఇలవేల్పయిన ప్రధాన దేవదూత పండుగ నాడు పొద్దున్నే కోసర చలిగది తలుపు తీసేసరికి, బల్ల మీద ఉండాల్సిన తీపి గోధుమ గిన్నె లేదు.

గిన్నె ఉన్నచోట గుండ్రంగా పంచదార పొడి మాత్రం మిగిలింది. కిటికీ వేసే ఉంది. గడియ ఊడలేదు. దొంగ ఎవరో గాని ఇంటి సంగతి బాగా తెలిసినవాడు.

ముందురోజంతా దానికే సరిపోయింది ఆవిడకు. గోధుమలు ఉడికించి, బట్ట మీద ఆరబెట్టి, రుబ్బి, అక్రోటు పప్పూ పంచదారా కలిపి, గోపురంలా దిద్దింది. పండుగ నాడు గడప దాటిన ప్రతివాడూ సిలువ గుర్తు వేసుకుని ముందు ఆ గిన్నెలోంచి ఒక చెంచా నోట్లో వేసుకోవాలి. ప్లమ్ సారా అయినా, వేపిన పందిపిల్ల అయినా ఆ తరవాతే. ఈ పండుగకు ఎవరినీ పిలవరు. పిలవకుండా రావడం మర్యాద, వచ్చి బొత్తాలు తెగేదాకా తినడం ఇంకా మర్యాద.

అందులోనూ ఈ ఏడాది కొత్త వియ్యాలవారు మొదటిసారి వస్తున్నారు. కూతురు దున్యను ఊజిత్సె కొండల వైపు ఇచ్చి ఎండాకాలంలోనే పెళ్లి చేశారు. వియ్యపురాలు బుదిమ్క ఇంట్లో దుమ్ము కూడా ఆవిడ అనుమతి లేకుండా వాలదని చెప్పుకుంటారు. కొసరి కొసరి వడ్డించే కోసర పరువంతా ఆ పూట ఆ గిన్నెలోనే ఉంది.

మొగుడు రాదిసావ్ అద్దం ముందు టై కట్టుకుంటున్నాడు.

"గోధుమ గిన్నె కనబడటం లేదయ్యా."

"పోనీలే కోసరా. ఒక్క ఏడాది లేకపోతే దేవదూత అలుగుతాడా?"

కోసర అక్కడే ఆగిపోయింది. మేజోడు ఒకటి కనబడకపోతే వీధి వీధంతా లేపే మనిషి. దువ్వెన పోయినప్పుడు పోస్టుమ్యాన్‌ను కూడా అనుమానించాడు. అలాంటివాడి నోట్లోంచి 'పోనీలే' వచ్చింది.

"మీ అమ్మ బతికుంటే ఈ మాట అనేవాడివా?"

"మా అమ్మ బతికుంటే గిన్నె పోయేదే కాదు. దాని పక్కనే పడుకునేది."

మళ్లీ చేద్దామంటే గోధుమ ఆరడానికే ఒక రోజు కావాలి. కోసర పొయ్యి లోపల, మంచం కింద, చివరికి కుక్క గూట్లో కూడా వెతికింది. కుక్క నొచ్చుకుని మొహం తిప్పుకుంది. ఈలోగా గేటు చప్పుడైంది.

ముందు ఫాదర్ స్పిరిదోన్ వచ్చారు. పండుగ రొట్టె కోసి, ఆశీర్వదించడానికి గోధుమ ఏదని చూశారు. రాదిసావ్ ఆయన చెవిలో ఏదో ఊదాడు. ఆయన కోసర వైపు జాలిగా చూసి, పంచదార జబ్బు ఉన్నవాళ్ల కోసమని ఒక ప్రార్థన అదనంగా చదివారు.

తరవాత రిటైరయిన మాస్టారు గ్వోజ్దెన్. మీ పిల్లి ఎంత పని చేసిందమ్మా అని పరామర్శించాడు. ఆ ఇంట్లో పిల్లి లేదు.

ఆ వెనకే పక్కింటి వుకోసావ. ఆవిడకు చెప్పిన మాట ఊరు దాటడానికి గుర్రం అక్కర్లేదు. కోసర చేతులు రెండూ పట్టుకుని, మతిమరుపు ఎవరికైనా వస్తుందనీ, తన చెల్లెలు వాడే కషాయం పంపుతాననీ ఓదార్చింది.

ఒక్క గిన్నె పోయినందుకు పూట గడవకముందే రాదిసావ్ కోసరకు జబ్బు, పిల్లి, మతిమరుపు మూడూ అంటగట్టేశాడన్నమాట. ఆవిడ మొగుణ్ణి వంటింట్లోకి లాగింది.

"పిల్లిని ఎప్పుడు తెచ్చావు?"

"వీధి పిల్లి."

"గడియ తీసుకుని వచ్చి, గిన్నెతో సహా ఎత్తుకుని, మళ్లీ తలుపేసి పోయిందా?"

"పెద్ద పిల్లి," అన్నాడు రాదిసావ్, అతిథులకు సారా పొయ్యాలంటూ తప్పుకుంటూ.

మధ్యాహ్నానికి వియ్యాలవారి కారు ఆగింది. వియ్యంకుడు స్తామెంకో తలుపుకు తల తగిలేంత పొడుగు, చీపుళ్లు రెండు అతికించినట్టు మీసాలు. లోపలికి వస్తూనే సిలువ గుర్తు వేసుకుని, గిన్నె ఉండాల్సిన బల్లకేసి చూశాడు. ఆ చూపులో ఏదో ఆశ మినుక్కుమని ఆరిపోయినట్టు కోసరకు అనిపించింది.

బుదిమ్క మాత్రం బల్లను చూసి తృప్తిగా తలూపింది. "అన్నయ్యగారు మాట నిలబెట్టుకున్నారు వదినగారూ. ప్రాణంతో ఉన్న దేవదూతకు, పోయినవాళ్లకు పెట్టే గోధుమ పెట్టే ఇల్లు తమది కాదని పెళ్లినాడే చెప్పారు. నేనే నమ్మలేదు."

కోసరకు అప్పుడు అంతా అద్దంలో చూసినట్టు కనబడింది. గోధుమ పోయినవాళ్ల ఆత్మలకు గనక ప్రధాన దూత పండుగకు చేయకూడదనే ఇళ్లు కొన్ని, చేయకపోతే పాపమనే ఇళ్లు కొన్ని. ఈ తగవు తీర్చబోయిన ఫాదర్లకు రెండు వైపులా భోజనం లేకుండా పోయింది. పెళ్లి పందిట్లో గ్లాసు మీద గ్లాసు పడ్డాక, బుదిమ్క గొంతుకు భయపడి మొగుడు తలూపేసి ఉంటాడు.

ఇప్పుడు నిజం చెబితే మొగుడు అబద్ధాలకోరవుతాడు. ఆ ఇంట్లో దున్య జన్మంతా 'మీ నాన్న మాట' అని వినాలి. చెప్పకపోతే కోసర మతి లేనిదవుతుంది. ఆవిడ పళ్లు బిగించి సూప్ వడ్డించింది.

అంతలో వుకోసావ ఊరుకోలేక, పాపం ఏటా చేసేది, ఈసారే మరిచిపోయింది అనేసింది.

"ఏటానా?" బుదిమ్క కనుబొమ్మ పైకి లేచింది. రాదిసావ్ వెంటనే నల్ల వైను అయిపోయిందంటూ నేలమాళిగకు పరిగెత్తాడు.

కోసర ఇది కూడా గమనించింది. మోకాళ్ల నొప్పి అని కాపురానికి వచ్చింది మొదలు ఒక్క సీసా పైకి తేని మనిషి, పొద్దుటి నుంచి ఎవరినీ మెట్లు దిగనివ్వడం లేదు. పైగా ప్రతిసారీ ఆలస్యంగా వస్తున్నాడు, మీసం తుడుచుకుంటూ.

రాదిసావ్ గ్లాసు ఎత్తి ఇలవేల్పు పేరున మాట్లాడటం మొదలెట్టగానే కోసర కిందికి జారుకుంది. పులియబెట్టిన క్యాబేజీ పీపా వెనక, మొగుడి పాత సైన్యం కోటు కింద గిన్నె కాపురముంది. గోపురం సగం కూలింది. మధ్యలో చెంచా గుచ్చి ఉంది.

ఆవిడ గిన్నెను పైకి తేలేదు. దాని మీది కోటు తీసి మడతపెట్టింది. వంటకు కట్టుకున్న ముందుగుడ్డ జేబులోంచి ఇంకో చెంచా తీసి పక్కన గుచ్చింది. పైకి వచ్చి నవ్వుతూ నిలబడింది.

"అన్నయ్యగారూ, మా ఆయన మోకాళ్లు అరిగిపోయాయి. ఈసారి వైను మీ చేత్తో ఎంచి తెండి. క్యాబేజీ పీపా వెనక ఉన్నది బాగుంటుంది."

"నేను తెస్తాను," రాదిసావ్ అరిచినంత పని చేశాడు.

"నువ్వు ఇంటి యజమానివి. అతిథులను వదిలి ఎక్కడికి పోతావు?"

స్తామెంకో దిగి వెళ్లాడు. ఎంతకీ రాలేదు. సూప్ మీద నూనె తెట్టు కట్టింది. రాదిసావ్ మొహంలో రంగు ఒక్కొక్కటే దిగి, చివరికి మనిషి కూడా కుర్చీలోకి దిగిపోయాడు.

బల్ల చుట్టూ చెంచాలు ఆగిపోయాయి. పండుగ నాడు యజమాని మొదటి అతిథి వచ్చింది మొదలు చివరి అతిథి వెళ్లేదాకా నిలబడే ఉండాలి. తాతల నాటి నుంచి ఆ ఇంట్లో ఎవరూ కూర్చోలేదు. వుకోసావ సిలువ గుర్తు వేసుకుంది.

"అన్నయ్యగారికి ఒంట్లో బాగాలేదా?" అంది బుదిమ్క.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. స్తామెంకో వచ్చాడు. చేతిలో సీసా లేదు, చెంచా ఉంది. మీసాలు మంచు కురిసిన కంచెలా తెల్లగా ఉన్నాయి.

"మీసానికి ఏమిటది?" అంది పెళ్లాం.

"సున్నం. కింద గోడ రాలుతోంది."

బుదిమ్క లేచి, ఆ మీసం వేలితో తుడిచి నాలుక మీద వేసుకుంది. చప్పరించింది. "సున్నంలో అక్రోటు పప్పు ఎప్పటినుంచి కలుపుతున్నారు?"

కోసర తీరిగ్గా కిందికి వెళ్లి, గిన్నె తెచ్చి, బల్ల నడుమ పెట్టింది. అందరి తలలూ ఒక్కసారి రాదిసావ్ వైపు తిరిగాయి. అతను లేచి నిలబడి, టై వదులు చేసుకున్నాడు.

"నేనే. పిల్లి లేదు, పంచదార జబ్బు లేదు. కోసరకు మతిమరుపు అసలే లేదు, ఉంటే నేను ఈపాటికి సుఖపడేవాణ్ణి. పెళ్లినాడు చెల్లెమ్మగారు అడిగిన తీరుకు, గోధుమ పంట పండించడమే మానేశామని కూడా ఒప్పుకునేవాణ్ణి. మీరు వెళ్లేదాకా గిన్నె దాచేద్దామనుకున్నాను. దాచడం తేలికే, దాని దగ్గర్నుంచి నన్ను నేను దాచుకోవడమే చేతకాలేదు. ఈ వీధిలో ఇలాంటి గోధుమ ఇంకెవరూ చేయలేరు, అది మాత్రం ఒట్టేసి చెబుతాను. శిక్ష వెయ్యండి, పడతాను. చెల్లెమ్మగారూ, మీరు రెండోసారి నోట్లో వేసుకుంటున్నారు, నేను చూడలేదనుకోండి. కాని ఫాదర్, ఒక్క సంగతి రాసుకోండి. నేను దిగినప్పుడల్లా ఆ గిన్నెలో ఉన్నది ఒక్క చెంచాయే. బావగారి చేతిలో ఉన్న ఆ రెండోది ఎక్కణ్ణుంచి వచ్చిందో నన్ను కాదు, మా ఆవిణ్ణి అడగండి."