సుదర్శనం గారి ఫర్లాంగు రాళ్లు

ఆదివారం తెల్లవారుజామున కాఫీ తాగుతూ సుదర్శనం దారి వేసుకున్నాడు. తిరుపతి నుంచి రాచపాళెం పద్నాలుగు మైళ్లు. పదిన్నరకు ముహూర్తం. ఆరింటికి సైకిలెక్కితే, కొండ ఎక్కి దిగి, తొమ్మిదిన్నరకల్లా అన్న ముకుందం ఇంటి ముందు బెల్లు కొట్టవచ్చు.

దారి వేసుకునేటప్పుడు లోకం ఊళ్లు చెప్పుకుంటుంది. సుదర్శనం రాళ్లు చెప్పుకునేవాడు. మూడో మైలు రాయి కొంచెం వాలింది, కాలు జారుతుంది. అయిదో మైలు దాటాక రెండో ఫర్లాంగు రాయి దివ్యంగా ఉంటుంది. కొండ కొసన ఉన్నది మరీ మంచిది, పీట వేసినట్టుంటుంది. సంగతేమిటంటే, దేవస్థానం ఆఫీసులో ఇరవై ఏళ్లుగా గుమాస్తాగిరీ చేస్తున్న ఈ సుదర్శనం సైకిలు ఎంత దూరమైనా తొక్కగలడు, ఎక్కడైనా దిగగలడు. ఎక్కడం ఒక్కటే రాదు. అది మామగారి సైకిలు. మామగారు ఆరడుగుల మనిషి, అల్లుడు అయిదడుగులకు రెండంగుళాలు తక్కువ. ఆయన పోయాక సైకిలు ఈయనకు వచ్చింది గానీ కాళ్లు రాలేదు. పెడలు మీద ఒక కాలేసి, గెంతుతూ రెండోది తిప్పి వేసే విద్య పట్టుబడలేదు. ఎడమ కాలు మోపడానికి మోకాలెత్తు రాయి ఒకటి ఉండాలి. ఇంటి దగ్గరైతే వీధి తిన్నె ఉంది. కాలవ తవ్వడానికొచ్చిన వాళ్లు దాన్ని పగలగొట్టబోతే భార్య వకుళాదేవి పలుగుకు అడ్డం కూర్చుని ఆపింది. సాయంత్రం కబుర్లకు చోటు పోతుందని ఆమె బాధ కాబోలు అనుకున్నాడాయన.

రేణిగుంట వైపు రోడ్డు చదునే. కానీ అక్కడ అప్పటికే మైళ్లు పోయి కిలోమీటర్లు వచ్చాయి, రాళ్లు పలచబడ్డాయి. దేశంలో కొలతలు మారినప్పుడు శేరుకూ కిలోకూ కొట్లాడుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. దారిలో దిక్కులేనివాడైంది మాత్రం సుదర్శనం ఒక్కడే. అందుకని కొండదారి.

ఈ గుట్టు తెలిసినవాడు అన్న ముకుందం. ఎనిమిదేళ్ల కిందట, సుదర్శనం బావమరిది పెళ్లిలో, అత్తవారి బంతి బంతంతా వింటూ ఉండగా అన్నేశాడు. "మావాడు సైకిలెక్కాలంటే గవర్నమెంటు ముందు రాయి పాతాల." బంతి మొత్తం పొలమారేలా నవ్వింది. సుదర్శనం మజ్జిగన్నం కలపకుండానే విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. అదంతా అన్న కల్పించిన వేళాకోళమని వకుళాదేవిని నమ్మించానని ఆయన నమ్మకం. ఆనాటి నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు.

పది రోజుల కిందట కార్డు వచ్చింది. "నాకు షష్టిపూర్తి. నువ్వు రాకపోతే పీట మీద కూర్చోను." ముకుందం అన్నంత పనీ చేసే మనిషి. తమ్ముడు రాకపోతే ముహూర్తం దాటిపోయినా గుమ్మంలోనే నిలబడి ఉంటాడు. సుదర్శనానికి కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆ వెంటనే పంతమూ వచ్చింది. పండ్లూ కొత్త బట్టలూ తీసుకుని వకుళాదేవి ఎనిమిది గంటల బస్సుకు వస్తుంది. తాను మాత్రం సైకిలు మీద, ఆనాడు నవ్వినవాళ్లందరి ముందూ, దొరలాగా దిగుతాడు.

మొదటి మైళ్లు హాయిగా సాగాయి. మూడో మైలు దగ్గర వాలిన రాయి కనబడలేదు. దాని చోట గుంత ఉంది. నాలుగో మైలు దగ్గరా గుంతే. ఫర్లాంగు రాళ్లన్నీ పెరికి రోడ్డు వార పడుకోబెట్టారు. కిలోమీటర్లు కొండదారికీ వచ్చేస్తున్నాయి. వంతెన గోడ మీద కాలు మోపుదామన్నా ఆ దారిలో అన్నీ నేలబారు చప్టాలే. దిగితే మళ్లీ ఎక్కేది లేదు. నెట్టుకుంటూ నడిస్తే మధ్యాహ్నమవుతుంది. సుదర్శనం ముందున్న కొండను చూశాడు, కింద తన కాళ్లను చూశాడు, ఆపకుండా తొక్కాడు.

కొండ మొదట్లో ఎగువకండ్రిగ. మూడు దారులు కలిసే చోట గంగమ్మ రాయి, దానికెదురుగా టీ అంగడి. రోడ్డు పనికి పాత దారి తవ్వేసి ఉంది. ఏది ఎటు పోతుందో అడగాలి. ఇళ్ల ముందు తిన్నెలు లేకపోలేదు. అందరూ చూస్తుండగా తిన్నె మీద నుంచి ఎక్కితే ఆ కథ తన కన్నా ముందే రాచపాళెం చేరుతుంది. ఆగకుండా తిరగడానికి చోటు గంగమ్మ చుట్టూ మాత్రమే ఉంది. మొదటి చుట్టులో దారి అడిగాడు. రెండో చుట్టులో జవాబు సగం వినబడింది. మూడో చుట్టులో మిగతా సగం విన్నాడు.

తిరునామం పెట్టుకున్న తిరుపతి మనిషి గంగమ్మకు సైకిలు మీద మూడు చుట్లు తిరగడం చౌడేశ్వరమ్మ కళ్లారా చూసింది. ఆ ఊళ్లో మొక్కులన్నిటికీ పెద్దదిక్కు ఆవిడే. మజ్జిగ చెంబు పట్టుకుని ఎదురొచ్చింది.

"దిగి తాగు సామీ."

"దిగేదానికి లేదమ్మా" అన్నాడు సుదర్శనం, నాలుగో చుట్టులో.

"మొక్కా?"

అవునంటే అబద్ధం. కాదంటే మరెందుకు దిగవని అడుగుతుంది. ఆయాసం తన్నుకొచ్చి "గోవిందా" అన్నాడు.

ఇంక చెప్పేదేముంది. కొండకు మోకాళ్ల మీద ఎక్కేవాళ్లను చూశారు, గుడి చుట్టూ పొర్లుదండాలు పెట్టేవాళ్లను చూశారు. కాలు నేల మోపకుండా సైకిలు తొక్కే మొక్కు ఇదే మొదలు. టీ అంగడి వెంకటముని పొయ్యి మీద పాలు అలాగే వదిలేసి కేకేశాడు. "రేయ్, పట్టండ్రా. సామి కాలు నేలకు తగిలిందా, ఆ పాపం మన ఊరికే."

ఆరుగురు పట్టారు. కొండ మీదికి సైకిలు తనంతట తానే ఎక్కుతున్నట్టుంది. హ్యాండిలుకు చామంతి దండ, క్యారియరుకు అరటి గెల, ముందు పలక వాయిద్యం. చౌడేశ్వరమ్మ పక్కనే ఉరుకుతూ ఆయన ఎత్తిన నోట్లో మజ్జిగ పోసింది. నాలుగో గుక్కకు సుదర్శనానికి మొక్కు అంత చెడ్డ వ్యవహారం కాదనిపించింది. రెండేళ్లుగా వానల్లేవనీ, స్వామికి చెప్పమనీ ఆవిడ మజ్జిగతో పాటే మనవి చేసుకుంది.

కొండ కొసన వెనక నుంచి బస్సు హారను కొట్టింది. పక్కకు తప్పుకుంటూ తలెత్తిన సుదర్శనానికి, కిటికీ దగ్గర ఒళ్లో పండ్లబుట్టతో వకుళాదేవి కనిపించింది. బస్సులో అందరూ చేతులు జోడించారు. ఆమె భర్త వైపు ఒక్క క్షణం చూసి, తనూ జోడించింది. బస్సు ముందుకు పోయింది. ఆ బస్సులోని కండక్టరు నోరుంటే టెలిగ్రాంతో పనిలేదు.

ఆయన రాచపాళెం దిగేసరికి పదీ పది. షష్టిపూర్తి పందిరి ఖాళీ. పురోహితుడితో సహా జనమంతా రోడ్డు మీద ఉన్నారు. పట్టుపంచెతో ముకుందం తన గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. ఇంకా పీట మీద కూర్చోలేదు.

సుదర్శనం ఆగబోయాడు. జనం ఆగనివ్వలేదు. ఎగువకండ్రిగలో మూడు చుట్లు తిరిగిన సామి ఈ ఊళ్లో ఒక్క చుట్టయినా తిరగకపోతే ఎట్లా అని రాచపాళెం పెద్దలు అడ్డం పడ్డారు. వానమొగులు కనబడేదాకా దిగనీయకూడదని వెంకటముని చెప్పాడు. ఆకాశం నిర్మలంగా ఉంది. నెడుతున్న చేతుల మధ్య సుదర్శనం అన్న ఇంటి ముందు ఒకసారి తిరిగాడు, రెండోసారి తిరిగాడు. పిక్కలు కొయ్యబారాయి. ముహూర్తం ఇంకో పది నిమిషాలు.

మూడోసారి తిరుగుతూ అన్న కళ్లలోకి చూశాడు. ఎనిమిదేళ్ల నాటి ఆ ఒక్క మాట మళ్లీ అంటే చాలు, ఈ జనమంతా నవ్వి వదిలేస్తారు. అను అన్నా, నవ్వితే నవ్వనీ అని మనసులోనే బతిమాలుకున్నాడు.

ముకుందం గొంతు సవరించుకున్నాడు. "ఉండండప్పా. మా తమ్ముడి మొక్కు సంగతి నాకు తెలుసు. ఎనిమిదేండ్ల మొక్కు అది. ఈ రాతి మీద కాలు పెడితే తీరిపోతాది."

గుమ్మం పక్కన సున్నం కొట్టిన రాయి ఒకటి ఉంది. మోకాలెత్తు. మీద గీసిన ఫర్లాంగు అంకె ఇంకా కనబడుతోంది. సుదర్శనం ఎడమ కాలు దాని మీద మోపి, దొరలాగే దిగాడు. గోవిందలతో పందిరి అదిరింది.

పీటల దగ్గరికి నడుస్తూ తమ్ముడు నెమ్మదిగా అడిగాడు. "ఎప్పుడు పాతినావన్నా?"

"పోయిన నెల పెరికేస్తా ఉంటే ఒకటి అడిగి తెచ్చుకున్యా. నువ్వొస్తే తిరిగి పొయ్యేదానికి కావాల గదా."

"రాళ్లు లేవని కార్డులో ఒక ముక్క రాసుండొచ్చు."

"రాద్దామనే కూర్చున్యా" అన్నాడు ముకుందం. "మళ్లీ ఎగతాళి పట్టించినానని అలిగి రాకుండా పోతావని భయమేసింది."

ఆ మధ్యాహ్నం అన్నదమ్ములు ఒకే బంతిలో కూర్చున్నారు. సుదర్శనం మజ్జిగన్నం రెండుసార్లు పెట్టించుకున్నాడు.

సాయంత్రం నాలుగింటికి సైకిలు నడిపించుకుంటూ రాయి దగ్గరికి వచ్చాడు. రాయికి పసుపు పూసి ఉంది, కుంకుమ పెట్టి ఉంది, చుట్టూ కొబ్బరి చెక్కలు. చౌడేశ్వరమ్మ కర్పూరం వెలిగిస్తోంది. ఆయన కాలు అలవాటుగా పైకి లేవడం చూసి హడలిపోయింది.

"కాలు తగిలేను, పక్కన నిలబడు సామీ."

అయిదు గంటల బస్సు పైన సైకిలు, లోపల సుదర్శనం. ఊరి దీపాలు కనబడ్డాక వకుళాదేవి పండ్లబుట్ట సర్దుకుంటూ అంది.

"మన తిన్నెకు ఎవరూ పసుపు పూయకుండా నేను చూసుకుంటాలెండి."