ఎనిమిది పాళ్ల పట్టణం

"ఇకమీదట మన పట్టణంలో ఎవరూ కడుపునిండా తినరు!" అని మా మేయరు కురమోచి గారు మునిసిపల్ ఆఫీసు మెట్ల మీద నిలబడి ప్రకటించగానే చప్పట్లు మోగిపోయాయి. జనం కడుపు నింపుతానని మాటిచ్చి తప్పిన నాయకులు దేశమంతా ఉన్నారు. నింపనని మాటిచ్చి నిలబెట్టుకున్న మహానుభావుడు మాత్రం మా ఆయనొక్కడే.

ఆకలి పదింట ఎనిమిది పాళ్లు తీరగానే చెయ్యి కడుక్కోవడం మా జపాన్‌లో తాతల నాటి అలవాటు. దాన్ని ఆయన ఆర్డరుగా మార్చారు. నలభై దాటిన మునిసిపల్ ఉద్యోగులెవరికీ నడుము ఎనభై అయిదు సెంటీమీటర్లు దాటకూడదు. ఒక్కరు కూడా దాటకపోతే ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య షీల్డు మా హిరోనుమా పట్టణానిదే. షీల్డు వస్తే ఎన్నికల్లో కుర్చీ మళ్లీ ఆయనదే. ఇంత దూరం ఆలోచించి తిండి మాన్పించే నాయకుడు దొరకడం మా అదృష్టం కాక మరేమిటి?

మొదటి రోజు మధ్యాహ్నమే చిక్కొచ్చి పడింది. క్యాంటీన్లో పంది కట్‌లెట్ పెట్టారు. అందరం బుద్ధిగా ఎనిమిది పాళ్లు తిని రెండు పాళ్లు వదిలేశాం. వదిలేదెలాగూ వదులుతున్నాం కదా అని మాంసం తిని, అంచున ఉన్న కొవ్వు వదిలాం. లేవబోతుంటే ఎవరికో గుర్తొచ్చింది. నిరుడు ఇవే మెట్ల మీద ఇదే మేయరు గారు "మెతుకు పారేసినవాడు మనిషే కాడు" అని ఇంకో ప్రకటన చేశారు. అదీ అమల్లోనే ఉంది.

తింటే ఈ ఏటి ఆర్డరు తప్పినట్టు. పారేస్తే నిరుటి ఆర్డరు తప్పినట్టు. అందరం పళ్లాల ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాం. మా సెక్షన్ హెడ్ ఇగరాషి గారు ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ వచ్చి మినోబే దగ్గర ఆగారు.

"మినోబే గారూ, మీరు ఇంతవరకూ ఏ పనీ కాదన్లేదు కదూ?"

"లేదండి."

"ఇదీ అనరుగా?"

"అననండి."

మినోబేది నా పక్క బల్ల. మనిషి ఉన్నాడా లేడా అన్నట్టుంటాడు. గుండె జబ్బు. కొవ్వు జోలికెళ్తే ప్రాణానికే ముప్పని డాక్టరు తేల్చి చెప్పేశాడు. ఆయన భార్య సవాకో గారు రోజూ తెల్లారే లేచి ఉడికించిన ఆకుకూర, టోఫూ డబ్బాలో సర్ది పంపిస్తుంది. ఆ డబ్బా పక్కకు జరిపి, ఆయన మా అందరి రెండు పాళ్లూ తినేశాడు. మేం నిలబడి నమస్కారాలు పెట్టాం. నాకైతే సిగ్గేసింది. అయినా నా కొవ్వు ఆయన పళ్లెంలోకి తోసింది నేనే.

పథకం సూపర్ హిట్. స్కూళ్ల నుంచి, లైబ్రరీ నుంచి, అగ్నిమాపక కేంద్రం నుంచి రెండేసి పాళ్లు మూత పెట్టిన డబ్బాల్లో మినోబే బల్ల మీదికి రావడం మొదలైంది. నూడుల్స్ కొట్టువాడు పైన తేలే పంది కొవ్వు మాత్రం విడిగా పోసి పంపేవాడు. ఊళ్లో నడుములు తగ్గుతున్నాయి. ఆయాసం అంతా మినోబేకి వస్తోంది.

ఉండబట్టలేక ఇగరాషి గారి గదిలోకి వెళ్లాను. "సార్, ఆయన మెట్లెక్కలేకపోతున్నాడు. పోతాడండీ మనిషి."

"అయ్యో, ఆయన ఆరోగ్యం కోసమే కదయ్యా ట్రైనర్ని పిలిపించింది!"

అదీ నిజమే. రాజధాని నుంచి ఒక ట్రైనరమ్మ వచ్చింది. ముద్ద ముద్దకీ ధ్యాస పెట్టి తినడం ఆవిడ సబ్జెక్టు. మినోబే ఎదురుగా కూర్చుని కళ్లు మూసుకోమంది.

"ముద్దను నోట్లో తిప్పండి. ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందో కృతజ్ఞతతో తలచుకోండి."

"పన్నుల విభాగం నుంచండి," అన్నాడు మినోబే.

కొలతల రోజు వచ్చింది. టేపు పట్టుకుని ఇగరాషి గారే స్వయంగా కొలిచారు. మేయరు గారికి మాత్రం టేపు చుట్టలేదు. పెద్దవాళ్లను అలా కొలవడం మర్యాద కాదు. ఆయన ఒక అంకె చెప్పారు, మేం రాసుకున్నాం. చెబుతున్నంతసేపూ కోటు లోపల పొట్ట బిగించిన నడుము పట్టీ కిర్రుమంటూనే ఉంది. చివరికి మినోబే వచ్చాడు. టేపు చాల్లేదు.

ఈ ఒక్క నడుముతో షీల్డు పోతుంది. మేయరు గారు కోటు గుండీ సర్దుకున్నారు. "రూలు ఉద్యోగులకే కదా?" అన్నారు.

ఆ మాటలోని లోతు ఇగరాషి గారికి వెంటనే అందింది. సాయంత్రానికల్లా మినోబేను ఉద్యోగుల్లోంచి తీసేసి, ఆఫీసు సామాన్లలో కలిపారు. 'మిగులు ఆహార శుద్ధి యంత్రం, ఒకటి.' ఆయన మెడలోని పేరు బిళ్ల తీసేసి, వీపు మీద ఫొటోకాపీ మిషన్‌కి అంటించినట్టే నంబరు కాగితం అంటించారు. మనిషిని ఉద్యోగంలోంచి తీసేసే రోజుల్లో యంత్రంగానైనా ఉంచుకున్నారంటే మేయరు గారి మనసు ఎంత పెద్దదో చూడండి. మినోబే వంగి థ్యాంక్స్ చెప్పాడు.

వారం తిరక్కుండానే డబ్బాల మధ్య కుప్పకూలాడు. నేనే అంబులెన్సుకి ఫోన్ చేశాను. ప్రాణం ఉంది, కానీ ఇక పనిలోకి పంపొద్దన్నాడు డాక్టరు. సవాకో గారు ఆసుపత్రి నుంచి నేరుగా ఆఫీసుకొచ్చింది.

"మా ఆయనకి జబ్బు సెలవు ఇవ్వండి."

"సెలవు ఉద్యోగులకమ్మా," అన్నారు ఇగరాషి గారు ఎంతో బాధగా. "సామాన్లకు రిపేరే."

"పోనీ రిపేరన్నా చేయించండి!"

"కొత్తది కొనడం కన్నా రిపేరు ఖరీదెక్కువైతే పారేయాలి. రూలు నాది కాదు తల్లీ."

రూలు ప్రకారం ఇగరాషి గారే ఆసుపత్రికొచ్చారు. పుచ్చకాయ తెచ్చారు, మూడుసార్లు వంగి నమస్కరించారు, కాళ్లవైపు మంచం కమ్మీకి పచ్చ స్టిక్కరు అంటించారు. ఊళ్లో పాత బీరువాలు, పరుపులు పారేసేటప్పుడు అంటించేది; మండేవీ మండనివీ వేరుచేసి తీసుకెళ్తారు. 'పెద్ద వ్యర్థం. గురువారం ఉదయం తీసుకెళ్లబడును.'

మినోబే తల కొద్దిగా ఎత్తి చదువుకున్నాడు. "ఎన్నింటికల్లా బయట ఉండమంటారు సార్?"

సవాకో గారు కూడా వంగి ఆ స్టిక్కరు చదివింది. నాకు ఒళ్లు మండిపోయింది. మండి ఏం చేశాను? వెళ్లిపోతున్న ఇగరాషి గారికి తలుపు తీసి పట్టుకున్నాను.

గురువారం పొద్దున్నే మేయరు గారు వచ్చారు. షీల్డు అందుకోవడానికి వెళ్తూ, దారిలో ఫొటో కోసం ఆగారు. నల్ల కోటు, తెల్ల గ్లవ్స్. మంచం పక్కన నిలబడి, "మీ సేవ ఈ పట్టణం మరువదు," అంటూ నడుము పట్టీ కిర్రుమనేలా లోతుగా వంగారు. సవాకో గారు ఆయన పక్కకొచ్చింది. "పెద్దవారు, శ్రమపడి వచ్చారు," అంటూ వీపు మీద ఆప్యాయంగా నిమిరింది. ఆయన లేచేసరికి మంచం కమ్మీ మీద స్టిక్కరు లేదు.

మంచి జిగురు. ఆయన కారెక్కారు, మునిసిపల్ ఆఫీసు దగ్గర దిగారు, మెట్లెక్కారు. ఇగరాషి గారు చూశారు, నేను చూశాను, ఆఫీసంతా చూసింది. పైవాళ్ల ఒంటి మీద తప్పు ఎత్తిచూపడం మా ఊళ్లో లేదు. పైగా మునిసిపల్ ముద్ర ఉన్న స్టిక్కరు పీకితే జరిమానా.

మేయరు గారు షీల్డు గుండెలకు హత్తుకుని, "కొవ్వు లేని పట్టణం" అని మైకులో మొదలుపెట్టారో లేదో, గురువారం చెత్త ఎత్తుకుంటూ తిరిగే లారీ వచ్చి మెట్ల కింద ఆగింది. ఇద్దరు దిగారు. వెనక నుంచి స్టిక్కరు చూసుకుని, వారం సరిచూసుకుని, చెరో చంకా పట్టుకున్నారు. మేయరు గారు గింజుకున్నారు. ఫట్‌మని లోపల పట్టీ తెగింది.

"మండేదా, మండనిదా?" అన్నాడు ఒకడు.

రెండోవాడు గ్లవ్స్ వేసుకున్న వేలితో ఆయన పొట్ట నొక్కి చూశాడు.

"మండేదే. అంతా కొవ్వే. ఎక్కించు."