మూడో నంబరు చొక్కాకు తగిన మనిషి

జూబ్లీహిల్స్‌లోని జపాన్ కూలీ చొక్కాల షాపులో అమ్మిన చొక్కా వాపసు తీసుకోరు గానీ, సరిపోకపోతే ఏడు రోజుల్లోగా మనిషిని మార్చి ఇస్తారు. ఈ సంగతి బిల్లు వెనక స్పష్టంగానే అచ్చేశారు. ఇన్సూరెన్స్ కంపెనీ మేనేజరు భానుమూర్తి బిల్లు తిప్పి చూసే రకం కాదు.

నలభై ఆరేళ్లొచ్చినా ఆయన లాప్‌టాప్ కంటే బరువైనది ఎత్తి ఎరగడు. అలాంటివాళ్లకే కూలీ చొక్కా మీద మోజెక్కువ. ముప్పై ఎనిమిది వేలనేసరికి ఎందుకంత అని అడిగాడు పాపం. సేల్స్ అమ్మాయి ఓపిగ్గా విడమరిచింది. గుడ్డకి రెండు వేలు, పాత మగ్గానికి తొమ్మిది, మోచేతి మాసికకి ఎనిమిది, మిగతాదంతా రంగు వెలిసినందుకు.

"వెలవనిది లేదామ్మా?"

"ఉంది సార్. చవక. మీకు బాగోదు."

సైజులు ఒకటి నుంచి నాలుగు. వందేళ్ల కిందటి జపాన్ రైలు కూలీల ఒంటి కొలతలవి. నాలుగంటే లావని ఒప్పుకున్నట్టవుతుందని, కనీసం తొడిగి చూడకుండా మూడు పుచ్చుకున్నాడు.

ఇంట్లో భార్య వైదేహి కొత్త బట్టే కదాని కాలరు లోపల పసుపు పెట్టి ఇచ్చింది. తొడిగితే బొత్తాలకీ కాజాలకీ మధ్య నాలుగు వేళ్ల ఎడం. ఊపిరి బిగబట్టినా లాభం లేకపోయింది.

మర్నాడు షాపులో అమ్మాయి ఆ పసుపు చూసి ముచ్చటపడింది. "మరక పడింది కాబట్టి దీని ధర నలభై రెండు వేలైంది సార్. తేడా మీ కార్డులోంచి తీసుకున్నాం. ఇంత మంచి చొక్కాని మార్చలేం. మిమ్మల్ని మారుస్తాం."

మనిషి కోసం ఎక్కువ వెతకలేదు. ఎదురుగా కడుతున్న బిల్డింగులో ఇనుము వంచే జంగయ్యకి అచ్చం కొలత తీసి కుట్టినట్టు కుదిరింది.

"గింత పాతది ఏసుకుంటే మేస్త్రి తిడ్తడేమో మేడమ్," అన్నాడు జంగయ్య.

"మీరిప్పుడు మేనేజరు. తిట్టరు," అని భానుమూర్తి కారు తాళాలు, ఫ్లాటు అడ్రసు ఇచ్చి రెండు చోట్ల సంతకం పెట్టించుకుంది.

భానుమూర్తి ఫోన్ తీశాడు. ఆఫీసుకి ఫోన్ చేస్తే, "భానుమూర్తిగారు మీటింగులో ఉన్నారండీ, తమరెవరు?" అన్నారు. సాయంత్రం ఇంటికి చేశాడు.

"వచ్చారండీ," అంది వైదేహి సంబరంగా. "చొక్కా ఎంత బాగుందో! అటక మీది సూట్‌కేసు ఒంటిచేత్తో దించేశారు."

"మరి నేనో?"

"చొక్కా మీకు పట్టిన రోజు వచ్చేయండి. బోలెడు డబ్బు పోశాం, ఎవరో ఒకరు తొడుక్కోవాలిగా."

ఆయనకి ఏడుపొచ్చింది. నాలుగో నంబరు కూడా పట్టకపోయేసరికి, ఐదో నంబరు తెప్పించమని షాపులో ప్రాధేయపడ్డాడు. జపాన్ నుంచి రెండు ముక్కల్లో జవాబొచ్చింది. ఐదో నంబరు లేదు, కూలి చేసేవాడికి అంత ఒళ్లు రాదు. కాకపోతే మూడో నంబరుకి చిక్కితే మళ్లీ మార్పిడికి అర్హుడే. ఎదురు బిల్డింగులో జంగయ్య జాగా ఖాళీగానే ఉంది.

మూడు నెలలు భానుమూర్తి ఇనుము మోశాడు. అరచేతులు బొబ్బలెక్కి చిట్లి గట్టిపడ్డాయి. ఒంటి మీదున్న ఆఫీసు చొక్కా ఎండకి వెలిసి, సిమెంటు మరకలు పడి, భుజం దగ్గర చిరిగింది. రోజూ ఐదింటికి అమ్మాయి రోడ్డు దాటి వచ్చి టేపు పెట్టి ఆయన్నీ, భూతద్దం పెట్టి చొక్కానీ చూసి రాసుకునేది.

"ఇంకా రెండంగుళాలు తగ్గాలి సార్. చొక్కా మాత్రం అద్భుతం. ఇరవై ఆరు వేలు పలుకుతోంది."

భానుమూర్తి మొహం చాటంతైంది. "ఇరవై ఆరే! మరి ఆ డబ్బు నాకెప్పుడిస్తారమ్మా?"

"మీకెందుకిస్తాం సార్? ధర పెరిగింది చొక్కాకి కదా."

కాసేపు ఆలోచిస్తే ఆయనకది న్యాయంగానే తోచింది. చొక్కా విప్పి, జాగ్రత్తగా మడిచి ఆ అమ్మాయి చేతికిచ్చాడు. పైనుంచి మేస్త్రి కేకేశాడు. భానుమూర్తి బనీనుతోనే మెట్లెక్కాడు.