నాలుగు ఇంజెక్టర్ల భాగ్యం

మీ ఇంట్లో పికప్ బండి ఉండి, దాని ఇంజెక్టర్లు ఇంతవరకూ పాడవలేదంటే మిమ్మల్ని తలుచుకుని నాకు జాలేస్తుంది. ఏదో ఒక వెలితితో బతికేస్తున్నారు మీరు. ఆ సంగతి మీకింకా తెలియదు, అంతే!

ఇంజెక్టర్ అంటే తెలియని అదృష్టహీనుల కోసం చెబుతున్నాను. బొటనవేలంత లావు, జానెడు పొడవు ఉండే ఇనప గొట్టం. దాని కొసన కంటికి ఆననంత సన్నటి చిల్లులు. వాటిలోంచి డీజిల్ మంచులా ఇంజిన్‌లోకి చిమ్ముతుంది. మా బండికి అలాంటివి నాలుగు. నాలుగూ మార్చాలంటే అయ్యే ఖర్చు బండి ధరలో సగం. ముందు సగమా, వెనక సగమా అని అడగకండి. మా నాన్న అదే అడిగాడు. మెకానిక్ నవ్వలేదు.

నాన్న కోళ్లఫారం నుంచి గుడ్లు తెచ్చి దుకాణాలకు వేస్తాడు. పదేళ్లుగా అదే పని, అదే బండి. ఈమధ్య అది ఎత్తు ఎక్కేటప్పుడు దగ్గడం మొదలుపెట్టింది. తర్వాత వెనక నుంచి నల్లటి పొగ. ఆ తర్వాత ఒక పొద్దున ఎంత తిప్పినా స్టార్ట్ కాలేదు. ఈ విషయం కోళ్లకు ఎవరూ చెప్పలేదు కాబోలు, అవి గుడ్లు పెడుతూనే ఉన్నాయి!

అలా మొదలయ్యాయి మాకు మంచి రోజులు.

నాన్నను రోజూ నడవమని ఆస్పత్రిలో ఆరేళ్లుగా మొత్తుకుంటున్నారు. నడిచాడా? వీధి చివర దుకాణానికి కూడా బండే. ఇప్పుడో? పూటకోసారి గ్యారేజీకి నడిచి వెళ్తున్నాడు, నడిచి వస్తున్నాడు. బెల్టు రెండు చిల్లులు లోపలికి వచ్చింది. ఏ మందు చేసింది ఈ పని?

ఇక బంధుత్వాల సంగతి. మా బాబాయి పదేళ్లుగా బండి అడిగి తీసుకెళ్లడం, ట్యాంకు ఖాళీ చేసి తిరిగి ఇవ్వడం ఒక నియమంగా పెట్టుకున్నాడు. మొన్న మళ్లీ ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, ఆదివారం బండి ఖాళీయేనా?"

"పూర్తిగా ఖాళీరా. లోపల ఇంజెక్టర్లు కూడా లేవు. ఆ నాలుగూ వేయించి, నెలంతా నువ్వే వాడుకో."

"హలో... హలో... మాట వినపడట్లేదన్నయ్యా!"

అప్పట్నుంచి ఆయన మమ్మల్ని ఏమీ అడగలేదు. ఇంత ప్రశాంతత డబ్బు పెట్టి కొందామన్నా దొరుకుతుందా?

అమ్మ భాష కూడా మారిపోయింది. ఇదివరకు 'బండి గడగడమంటోంది' అనేది. ఇప్పుడు ప్రెషరు, సెన్సరు, కోడింగు అంటోంది. కొత్త ఇంజెక్టర్లను బండికి కంప్యూటర్‌తో పరిచయం చేయాలట, దాన్ని కోడింగ్ అంటారట, దానికి వేరే చార్జీ అట. గోడ మీదుగా వింటున్న పక్కింటావిడ ఆగలేకపోయింది.

"కోడింగా! మీ అమ్మాయికి ఉద్యోగం వచ్చిందా వదినా?"

"అమ్మాయికి కాదు, బండికి" అంది అమ్మ గొప్పగా.

అన్నిటికంటే పెద్ద లాభం కుటుంబ ఐక్యత. ఇదివరకు మా ఇంట్లో ఎవరి డబ్బాలో డబ్బు వాళ్లదే. ఇప్పుడు చూడండి! మొదటి ఇంజెక్టర్‌లో నాన్న కట్టించుకోవాల్సిన పళ్లసెట్టు ఉంది. రెండోదాంట్లో అమ్మ వంటింటి గట్టు. మూడోదాంట్లో వాన వస్తే కారే పడకగదికి వేయాల్సిన రేకులు. నాలుగోదాంట్లో నేను చేరాల్సిన డీజిల్ మెకానిక్ కోర్సు ఫీజు. మేం ముగ్గురమే గానీ, మా నాలుగు ఆశలూ ఒకే ఇంజిన్‌లో కలిసి మండుతున్నాయి.

"బండి నడిస్తేనే కదమ్మా అన్నీ. నీ కోర్సు వచ్చే ఏడు చూద్దాంలే" అంది అమ్మ.

సరే అన్నాను. నేను దేనికైనా సరే అంటాను. ఊరి బడిలో పదేళ్లు ఆఖరి బెంచీ మీద కూర్చుని చదువుకున్నదాన్ని. నోరు తెరవకుండా చూస్తూ ఉండటంలో నాకు మంచి ప్రవేశం ఉంది.

అలా చూస్తూ ఉండగా, జబ్బు ఎందుకు వచ్చిందో తేల్చే రోజు వచ్చింది. మా మెకానిక్‌ని అందరూ స్టెతస్కోప్ అంటారు. ఒకప్పుడు స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని రోగం చెప్పేవాడు. ఇప్పుడు ల్యాప్‌టాప్ తీగ తగిలించి చెబుతున్నాడు. తగిలించినందుకే ఒక రోజు గుడ్ల లాభం పోయింది. నాన్న మాత్రం దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మా బడి పంతులు ముందు కూడా ఆయన అలా నిలబడగా చూడలేదు నేను.

"డీజిల్ ఫిల్టర్ ఎప్పుడు మార్చావన్నా?" అన్నాడు స్టెతస్కోప్.

"మార్చడమేంటి? ఆర్నెల్లకోసారి కడిగి పెడుతుంటే!"

"కడిగి?"

"సబ్బునీళ్లతో. ఎండలో ఆరబెట్టి మరీ."

స్టెతస్కోప్ మెల్లగా పనిముట్ల పెట్టె మీద కూలబడ్డాడు. "దాని లోపల ఉండేది కాగితం అన్నా! కడిగితే చిరిగిపోదూ? మురికంతా వడకట్టకుండా ఇంజెక్టర్లకే పోశావు."

నాన్న నా వైపు తిరిగాడు. "విన్నావా? కడగకూడదంట. కంప్యూటర్ చెప్పింది."

విన్నాను. ఆ ఫిల్టర్ కడిగేది నేనే కదా! మూడేళ్ల కిందట బండి పుస్తకం పదం పదం కూడబలుక్కుని చదివి, "నాన్నా, ఇది కడగకూడదంట, కొత్తది వేయాలంట" అన్నాను. కొత్తది మూడు అట్టల గుడ్ల ధర. "ఆ పుస్తకం రాసేవాళ్లే ఫిల్టర్లు అమ్ముకునేదీ. నువ్వు కడుగు" అన్నాడు. సరే అన్నాను.

ఇప్పుడు అర్థమైంది నా తప్పు. చెప్పడం కాదు, ఊరికే చెప్పడం!

ఇంజెక్టర్లు వచ్చాయి. బండి కదిలింది. వారం తిరగకముందే నాన్న ఇంజిన్ ఆయిల్ బకెట్‌లోకి దించి, పాత పంచె ఒకటి పట్టుకొచ్చాడు.

"నల్లబడింది గానీ చిక్కగానే ఉందే. వడగట్టి మళ్లీ పోసేద్దాం. ఆ కొస పట్టుకో."

నేను పట్టుకోలేదు. లోపలికెళ్లి ఒక కాగితం రాసి తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. అందులో వేసిన అంకె, కోర్సు మొదటి వాయిదా ఎంతో సరిగ్గా అంత.

"ఇదేంటి?"

"చూసి చెప్పినందుకు చార్జీ నాన్నా. ముందు కడితే చెబుతాను."

"స్టెతస్కోప్ ఇందులో నాలుగో వంతు తీసుకోడే!"

"ఆయన పాడయ్యాక చూస్తాడు. నేను పాడవకముందే చూస్తాను."

నాన్న బకెట్ వైపు చూశాడు. బండి వైపు చూశాడు. నాలుగు ఇంజెక్టర్లూ గుర్తొచ్చినట్టున్నాయి, పంచె మెల్లగా భుజాన వేసుకున్నాడు. కాగితం మళ్లీ చదివాడు.

"కాస్త తగ్గించవే" అన్నాడు.

పాఠకులారా! నాకు బుద్ధి తెలిశాక మా ఇంట్లో నా మాటకు ఎవరైనా బేరమాడటం అదే మొదటిసారి. ఎంత గౌరవమో మీకేం తెలుసు!

నేను తగ్గించలేదు. ఆ వారం గుడ్ల డబ్బు చేతికి రాగానే నాన్న కొత్త ఆయిల్ డబ్బాతో పాటు కోర్సు రసీదు కూడా తెచ్చాడు. అమ్మకు చూపిస్తూ, "పిల్ల చార్జీ ఎక్కువే గానీ, పని తెలిసిన మనిషి" అన్నాడు.