లచ్మన్ విజిటర్ అయిన విధం

ఫిజీ విద్యుత్ మంత్రి దొరస్వామిగారు విదేశంలో పదకొండు రోజుల సదస్సు ముగించుకొని విమానం దిగుతూనే పత్రికలవాళ్ళని పిలిచి ఒక చారిత్రక ప్రకటన చేశారు. అణువిద్యుత్ కేంద్రాల్లో కంట్రాక్టర్లకి శిక్షణ ఎలా ఇవ్వాలి, వాళ్ళ మీద నిఘా ఎలా ఉంచాలి అన్నది ఆ సదస్సు విషయం.

"ఇకనుంచి మన కంట్రాక్టర్లు కూడా న్యూక్లియర్ స్టాండర్డ్‌లో పనిచేస్తారు" అన్నారు మంత్రిగారు.

"మనకి న్యూక్లియర్ ప్లాంటు లేదు కదా సార్?" అన్నాడు ఒక విలేకరి.

"అదే మన అదృష్టం. ప్లాంటు ఉన్న దేశాలకి ఈ స్టాండర్డ్ అందుకోవడం చాలా కష్టంగా ఉంది."

ఈ వార్త చదివి నిజంగా సంతోషించిన మనిషి ఆ దేశంలో ఒక్కడే ఉన్నాడు. సావుసావు ఊరి బయట డీజిల్ పవర్‌హౌస్‌లో ఫోర్‌మన్ పోతయ్య. స్వతంత్రం వచ్చిన ఏడాది ఆయన ఆ పనిలో చేరాడు. ఇప్పటికి పాతికేళ్ళు. తన మెమో మంత్రిగారి దాకా వెళ్ళిందని ఆయన అనుకున్నాడు.

మెమో సంగతి ఇది. ఇంజన్లని చల్లబరిచి వచ్చే వేడినీళ్ళకి అక్కడ ఒక ఇనప ట్యాంకు ఉంది. ఆరు నెలలకొకసారి దాన్ని ఖాళీచేసి, కంట్రాక్టు కూలీ ఒకడు లోపలికి దిగి తుప్పు గీకాలి. కిందటిసారి లచ్మన్ దిగాడు. వాడు లోపల ఉన్న సంగతి తెలియక కంట్రోల్ రూములో ఎవరో పంపు ఆన్ చేశారు. లచ్మన్ నిచ్చెన ఎక్కి బయటపడ్డాడు గానీ పాదాలు బొబ్బలెక్కాయి. పోతయ్య ఆ రోజే మెమో రాశాడు: పంపు స్విచ్చికి తాళం కావాలి. లోపలికి దిగినవాడి జేబులోనే తాళంచెవి ఉండాలి.

మెమోకి జవాబు మూడు లారీల్లో వచ్చింది. మొదటి లారీలో కుర్చీలు, రెండోదాంట్లో ప్రొజెక్టరు, మూడోదాంట్లో శశి. శశిగారు అంతకుముందు నసీను పట్నంలో కారు డ్రైవింగు నేర్పేవారు. ఇప్పుడు నేషనల్ కంట్రాక్టర్ ట్రైనింగ్ డైరెక్టరు. ఆ ట్రైనింగు నడిపే కంపెనీని కూడా కంట్రాక్టుకే ఇచ్చారు. ఆ కంపెనీ మంత్రిగారి బామ్మర్దిది కావడం వల్ల నమ్మకం అనే పెద్ద సమస్య ముందే తీరిపోయింది.

పద్నాలుగు మంది కూలీలు మెడలో బిళ్ళలు వేసుకొని కూర్చున్నారు. రేడియేషన్ తగిలితే ఆ బిళ్ళ ఎర్రగా మారుతుందట.

"రియాక్టర్ కోర్ దగ్గర కంట్రాక్టరు ఎంతసేపు ఉండొచ్చు?" అని అడిగారు శశిగారు.

లచ్మన్ చెయ్యెత్తాడు. "సార్, ఆ కోర్ మన ట్యాంకుకి ఏ పక్కన ఉంది?"

"నీకు కనబడదు."

"ఎవరికి కనబడుద్ది సార్?"

"కనబడకపోవడమే ప్రమాదం. రాసుకో."

లచ్మన్ రాసుకున్నాడు. వెనకబెంచీలోంచి పోతయ్య లేచి, స్విచ్చి తాళం సంగతి ఎప్పుడు చెబుతారని అడిగాడు. శశిగారు పుస్తకం తిరగేసి, స్విచ్చి ఈ సిలబస్‌లో లేదని చాలా మర్యాదగా చెప్పారు.

పరీక్షలో పదముగ్గురు పాసయ్యారు. లచ్మన్ రెండు మార్కుల్లో తప్పాడు. అయినా ట్యాంకులోకి దిగడం తెలిసినవాడు వాడొక్కడే. పాసైనవాళ్ళు సర్టిఫికెట్లు పట్టుకొని, దిగమని లచ్మన్‌కే చెప్పారు.

ఆ రోజు ట్యాంకు చుట్టూ నిఘా మహా గొప్పగా ఉంది. తుప్పు గీకేవాడు ఒక్కడు, వాణ్ణి చూసే ఓవర్‌సైట్ ఆఫీసర్లు నలుగురు. ఆ నలుగురూ కంట్రాక్టు మీద వచ్చినవాళ్ళే కాబట్టి వాళ్ళని చూడ్డానికి ఇంకో ఇద్దరు. ఆ ఇద్దరి మీద శశిగారు. నీడలో చాపేసుకొని, చెక్క గిన్నెలో మత్తిచ్చే యంగోనా వేరుపొడి నీళ్ళలో కలుపుకొని, కొబ్బరిచిప్పతో తలా ఒక గుక్క తాగుతూ చూస్తున్నారు.

"స్విచ్చి దగ్గర ఎవరున్నారు?" అన్నాడు పోతయ్య.

"అందరం ఇక్కడే ఉన్నాం. ఎవరూ డ్యూటీ తప్పలేదు" అన్నారు శశిగారు.

పోతయ్య కంట్రోల్ రూము వైపు పరుగెత్తాడు. సగం దారిలో ఉండగానే పంపు చప్పుడు, వెంటనే లచ్మన్ కేక వినబడ్డాయి. ఆయన వెళ్ళి స్విచ్చి దించి, వెనక్కొచ్చి, ట్యాంకు అంచు మీద బోర్లా పడుకొని లచ్మన్‌ని చంకల కింద పట్టి పైకి లాగాడు. మోకాళ్ళ దాకా కాలిపోయింది. చర్మం పోతయ్య చొక్కాకి అంటుకుంది.

ఓవర్‌సైట్ ఆఫీసరు ఒకాయన ముందుకొచ్చి లచ్మన్ మెడలో బిళ్ళ చూశాడు.

"గ్రీన్" అన్నాడు. మిగతావాళ్ళు రాసుకున్నారు.

ఆస్పత్రిలో లచ్మన్ భార్య సర్లా ఒకటే మాట అడిగింది. "పోతయ్య కాకా, పాతికేళ్ళు ఉన్నావు కదా అక్కడ. ఒక తాళం పెట్టలేకపోయావా?"

పోతయ్య ఇంటికెళ్తే భార్య నాగమ్మ అన్నం పెట్టింది. తినలేకపోయాడు. చొక్కా మాత్రం తనే ఉతుక్కున్నాడు.

విచారణ సంఘం వారం రోజుల్లో రిపోర్టు ఇచ్చింది. అంత వేగంగా ఏ సంఘమూ ఇవ్వలేదని పేపర్లు మెచ్చుకున్నాయి. రిపోర్టు ప్రకారం, పరీక్ష తప్పినవాడు కంట్రాక్టరు కాడు. కంట్రాక్టరు కానివాడు ప్లాంటులో ఉంటే విజిటర్ అవుతాడు. కాబట్టి కంట్రాక్టర్ల ప్రమాదాలు సున్నా. విజిటర్లు ఇకముందు గేటు దగ్గర సంతకం చేసి లోపలికి రావాలని సర్లాకి ఒక ఉత్తరం కూడా వచ్చింది.

పోతయ్య ఆఫీసుకెళ్ళి శశిగారి ఎదుట నిలబడ్డాడు. "వాడు విజిటర్ అయితే ఆస్పత్రి ఖర్చు ఎవరిస్తారు సార్? మళ్ళీ పని ఎవరిస్తారు?"

"నాకు మాత్రం బాధ లేదా పోతయ్యా? దారి ఉంది. పరీక్ష పాసవమను. పాసైతే కంట్రాక్టరు. కంట్రాక్టరుకి అన్నీ వస్తాయి."

పోతయ్య మూడు వారాలు రోజూ సాయంత్రం ఆస్పత్రికెళ్ళి మంచం పక్కన కూర్చున్నాడు.

"చెయిన్ రియాక్షన్ అంటే?"

"ఒకటి పగిలితే ఇంకోటి పగలడం. కాకా, కట్టు మార్చేటప్పుడు మాత్రం అడగొద్దు. అన్నీ మర్చిపోతున్నా."

"సరేరా. కట్టు అయ్యాకే."

ఈలోగా పోతయ్య పవర్‌హౌస్‌లో ఇంకో పని మొదలుపెట్టాడు. సగంలో ఆగిన తుప్పు పనిని ఇప్పుడు పాసైనవాళ్ళే రోజుకి కాస్త చేస్తున్నారు. వాళ్ళలో ఎవరు ట్యాంకులో దిగినా ముందు వెళ్ళి పంపు ఫ్యూజు పీకి జేబులో వేసుకునేవాడు. ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. ఓవర్‌సైట్ విభాగం మాత్రం రెండు విషయాలు నమోదు చేసింది: పంపు మాటిమాటికీ పనిచేయడం మానేస్తోంది, బిళ్ళలు అద్భుతంగా పనిచేస్తున్నాయి. మొదటిదానికి పోతయ్యకి మెమో ఇచ్చారు. రెండోదానికి శశిగారికి ప్రమోషన్ ఇచ్చారు.

లచ్మన్ పరీక్ష రాశాడు. నూటికి తొంభై ఎనిమిది. దేశంలో ఫస్టు. మంత్రిగారు స్వయంగా వచ్చి సర్టిఫికెట్ ఇస్తానన్నారు.

వేదిక మీద లచ్మన్ నిలబడాలి. కాళ్ళకింకా కట్లు ఉన్నాయి. పోతయ్య వెనక నిలబడి ఒక చెయ్యి వాడి చంక కింద, ఒక చెయ్యి భుజం మీద వేసి, బరువంతా తన మీద పెట్టుకున్నాడు. మంత్రిగారు ఫోటోగ్రాఫర్‌ని పిలిచి చెవిలో ఏదో చెప్పారు. అతను రెండడుగులు ముందుకొచ్చాడు.

"కాకా, వదలకు" అన్నాడు లచ్మన్ మెల్లగా.

"నవ్వు నవ్వు" అన్నారు మంత్రిగారు.

మర్నాడు పేపర్లో మొదటి పేజీలో ఫోటో పడింది. నడుము దాకా ముగ్గురూ చక్కగా కనిపిస్తున్నారు. కింద ఇలా రాశారు: "దేశంలోనే ఉత్తమ కంట్రాక్టర్ లచ్మన్‌కి ప్రశంసాపత్రం అందిస్తున్న మంత్రి దొరస్వామి. ఆనందం పట్టలేక అతని భుజం తడుతున్న ఫోర్‌మన్ పోతయ్య."